ముక్తకమూ కుళకమూ - హెచ్.డి. వీడియోల చరిత్రలో ఒక పాఠం

అలంకారశాస్త్రం కొంచెం తిరగవేసినవారికి ముక్తకం, కుళకం అనే రెండు మాటలు పరిచయమే. తనంతట తాను అర్థమయ్యే ఒంటి పద్యం ముక్తకం. మన శతకపద్యాలు దాదాపుగా ఈ జాతివి. వేమన పద్యాన్ని ఎక్కడినుండి పెరికి తెచ్చినా దాని ముందు పద్యమేది, వెనుక పద్యమేది అని అడగనక్కరలేదు. ఇక రెండు పద్యాలు కలిసి ఒకే వాక్యమైతే యుగ్మకం. అయిదుగాని, అంతకు మించిగాని పద్యాలు ఒకే క్రియను ఆశ్రయించుకొని ఉంటే కుళకం. కుళకంలో కర్త ఒక పద్యంలో ఉంటాడు, విశేషణాలు నడుమ వరుసగా సాగుతాయి, క్రియ చివర ఎక్కడో దర్శనమిస్తుంది. నడిమి పద్యం ఒక్కటే చేతికిచ్చి తాత్పర్యం చెప్పమంటే ఎంతటి పండితుడైనా పై పద్యాలు చూపించమని అడగవలసినదే.

వీడియోల లోకంలో కూడా సరిగ్గా ఇదే భేదం ఉన్నదని నాకు తెలియజెప్పినవాడు కోదాడలో పెళ్ళి వీడియోలు కూర్చే నా పూర్వవిద్యార్థి ఒకడు. అతడు ఈ మాటలు వాడలేదు. అతడి మాటలు వేరు. కాని అతడు చెప్పుకుంటూ పోతూ ఉంటే నాకు పండిత శిక్షణనాటి పాఠమే వినబడింది. ఈ టపాలో ఆ చరిత్రను, అంటే హై డెఫినిషన్ వీడియోను కుదించి దాచడానికి వచ్చిన పద్ధతులను, కూర్పు బల్ల మీద వాటి గుణదోషాలను నాకు తెలిసినంతలో చెప్పదలచుకున్నాను. సాంకేతిక విషయాలంటే ఆమడ దూరం పారిపోయే సాహిత్యమిత్రులు కూడా కాస్త ఓపిక పట్టవలసిందిగా మనవి. మన ఇళ్ళలో బీరువాల అడుగున పడి ఉన్న పెళ్ళి సీడీలకు, టేపులకు దీనితో నేరుగా సంబంధం ఉంది.

మొదట అసలు కుదించడం ఎందుకో చూద్దాం. హై డెఫినిషన్ చట్రం ఒక్కొక్క దానిలో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 చుక్కలు ఉంటాయి. సాధారణమైన రంగుల లెక్కన చుక్కకు రెండు బైట్లు అనుకున్నా ఒక్క చట్రం నాలుగు మెగాబైట్లు దాటుతుంది. మన దేశపు పద్ధతిలో సెకనుకు 25 చట్రాలు. అంటే సెకనుకు నూరు మెగాబైట్లకు పైగా, గంటకు సుమారు 373 గిగాబైట్లు! ఒక డి.వి.డి.లో ముప్పావు నిమిషం బొమ్మ పడుతుందన్నమాట. జీలకర్రా బెల్లం పెట్టేలోపలే పళ్ళెం నిండిపోతుంది. కాబట్టి కుదించక తప్పదు. కుదించడమంటే దేన్ని పారవేయాలో నిర్ణయించుకోవడం. ఈ చరిత్ర అంతా ఆ నిర్ణయాల చరిత్రే.

ఆ నిర్ణయాలకు మూలమైన గణితంలో మన తెలుగు పేరు ఒకటి ఉండడం ఈ కథలో నాకు మిక్కిలి సంతోషం కలిగించిన విషయం. 1974 జనవరిలో అమెరికాలోని ఐ.ట్రిపుల్.ఇ. సంస్థవారి కంప్యూటర్ల పత్రికలో డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే చిన్న వ్యాసం వెలువడింది. రచయితలు ముగ్గురు: బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి. నటరాజన్, టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో ఆచార్యుడైన కె.ఆర్. రావు. ఈ మూడవవారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. పేరులోనే తెలుగుదనం పలుకుతోంది గదా! మద్రాసు గిండీ కళాశాలలో ఇంజనీరింగు చదివి, అమెరికా వెళ్ళి, 1966 నుండి ఆర్లింగ్టన్‌లో దశాబ్దాల పాటు పాఠం చెప్పి, 2021లో కీర్తిశేషులయ్యారు. ఈ ఆలోచనను పరిశోధించడానికి ధనసహాయం కోరుతూ అహ్మద్ 1972లో అమెరికా జాతీయ విజ్ఞానసంస్థకు పెట్టిన అర్జీ తిరస్కరణకు గురైంది. ఆ తరువాత రెండేళ్ళకే వ్యాసం వచ్చింది. నేడు లోకంలో తిరిగే ఫోటోలలో, వీడియోలలో అధికభాగం ఆ వ్యాసానికి ఋణపడి ఉన్నాయి.

ఆ గణితం చేసే పనిని స్థూలంగా ఇలా చెప్పుకోవచ్చు. బొమ్మను ఎనిమిది చుక్కలు అడ్డం, ఎనిమిది చుక్కలు నిలువు ఉన్న చిన్న చదరాలుగా కోస్తారు. ఒక్కొక్క చదరంలోని 64 చుక్కలను యథాతథంగా రాసుకోక, ఆ చదరంలో మెల్లగా మారే వెలుగు ఎంత, గబగబా మారే సన్నని గీతల పాలు ఎంత అని 64 అంకెలుగా మారుస్తారు. మన కంటికి మెల్లని మార్పులే ప్రధానం. సన్నని మార్పులలో కొన్ని పోయినా కన్ను పసిగట్టదు. ఆ అంకెలను మోటుగా కత్తిరిస్తే చాలా వరకు సున్నాలై కూర్చుంటాయి. సున్నాల వరుసను పొట్టిగా రాసుకోవచ్చు. కత్తిరింపు మితిమీరితే మాత్రం చదరాల అంచులు బయటపడి బొమ్మ గళ్ళగళ్ళుగా కనిపిస్తుంది.

ఒక్కొక్క చట్రాన్ని దేనికది ఇలా కుదిస్తే అది ముక్తకం. 1995లో వచ్చిన డి.వి. పద్ధతి ఇదే. సెకనుకు 25 మెగాబిట్లు, గంట టేపు కంప్యూటరులోకి ఎక్కిస్తే సుమారు 13 గిగాబైట్లు. బొమ్మ పాత టెలివిజన్ కొలతదే (720×576), కాని ఏ చట్రం దగ్గర కోసినా తెగుతుంది. ఫైర్‌వైర్ తీగతో మామూలు కంప్యూటరులోకి తెచ్చుకొని ఎవరైనా కూర్చుకోవచ్చు. హైదరాబాదు, విజయవాడల స్టూడియోలకు పరుగెత్తకుండా కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ వంటి ఊళ్ళలోనే పెళ్ళి వీడియో కూర్పు సాధ్యమైందంటే అది ఈ చిన్న టేపు చలవే.

2003లో హెచ్.డి.వి. వచ్చింది. కానన్, షార్ప్, సోనీ, జె.వి.సి. సంస్థలు నాలుగూ కలిసి ప్రకటించిన పద్ధతి. ఇందులోని చమత్కారం ఏమంటే, అదే చిన్న టేపు మీద, అదే 25 మెగాబిట్లలో 1440×1080 కొలతగల బొమ్మను పట్టించడం. చుక్కలు దాదాపు నాలుగు రెట్లు పెరిగినా చోటు పెరగలేదు. ఎలా సాధ్యం? కుళకం వల్ల. ఎంపెగ్-2 పద్ధతిలో పన్నెండు చట్రాలను ఒక గుంపుగా కడతారు. మొదటిది మాత్రమే పూర్తి బొమ్మ. తక్కినవన్నీ, ముందు చట్రంతో పోలిస్తే ఏది ఎటు జరిగింది, ఏమి మారింది అన్న వివరమే. వీటిలో కొన్ని తమ వెనుకటి చట్రాన్నే చూస్తాయి; మరికొన్ని వెనుకటిదాన్నీ రాబోయేదాన్నీ రెంటినీ చూస్తేగాని అన్వయం కావు. అరసెకను నిడివిగల ఈ పన్నెండు పద్యాల కుళకంలో ఏడవ చట్రం దగ్గర కత్తెర పెట్టాలంటే కంప్యూటరు మొదటి చట్రం దాకా వెనక్కి వెళ్ళి, అక్కడినుండి అన్వయం చెప్పుకుంటూ రావాలి. కోసిన చోట గుంపు చెదిరిపోతుంది గనుక చివరలో దానిని మళ్ళీ కొత్తగా కట్టాలి. టేపు మీద ఒకచోట మచ్చ పడితే డి.వి.లో ఒక చట్రానికి మాత్రమే గాయం, హెచ్.డి.వి.లో అరసెకను పాటు బొమ్మ స్తంభించిపోవచ్చు.

2006లో సోనీ, పానసోనిక్ సంస్థలు ఏ.వి.సి.హెచ్.డి. అనే పద్ధతిని తెచ్చాయి. టేపు పోయి కార్డులు, డిస్కులు వచ్చాయి. లోపలి పద్ధతి 2003లో ప్రమాణమైన హెచ్.264. ఇది ఎంపెగ్-2 కన్నా గడుసుది. సుమారు సగం చోటులోనే అంతటి నాణ్యత చూపగలదు. మొదట నిర్ణయించిన గరిష్ఠ వేగం 24 మెగాబిట్లు. కాని అన్వయం మరింత క్లిష్టం. ఒక చట్రం తనకు ముందున్న పలు చట్రాలను ఆధారంగా తీసుకోవచ్చు. శ్లేషలతో నిండిన ప్రబంధాన్ని పిల్లవానికి ఇచ్చి చదవమన్నట్లు, ఆనాటి కంప్యూటర్లు ఈ వీడియోలను కూర్పుబల్ల మీద నడపలేక ఆయాసపడేవి. మీట నొక్కిన కొంతసేపటికిగాని బొమ్మ కదిలేది కాదు.

ఈ పద్ధతికి అగ్నిపరీక్ష మన పెళ్ళిపందిట్లోనే ఉంది. పురోహితుడు మంత్రం చదువుతూ ఉండగా అందరూ కదలక కూర్చుంటారు. అప్పుడు కుళకానికి హాయి, మారినది ఏమీ లేదు గనుక. తలంబ్రాలు మొదలయ్యేసరికి కథ మారుతుంది. వందలకొద్దీ పసుపు బియ్యపుగింజలు ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కున ఎగురుతాయి. ముందు చట్రంతో తరువాతి చట్రానికి పోలిక కుదరదు. రాయవలసిన మార్పు కొండంత, ఇచ్చిన చోటు గోరంత. అప్పుడు గింజలు, నవ్వే ముఖాలు, వెనుకనున్న చీరల జరీఅంచులు అన్నీ కలిసి గళ్ళుగా కరిగిపోతాయి. హోమధూమం లేచినప్పుడూ ఇదే అవస్థ. పెళ్ళిలో అందరూ చూడగోరే ఘట్టమే కుదింపుకు అన్నిటికన్నా లొంగని ఘట్టం కావడం విధివిలాసం.

ఇక ముక్తక సంప్రదాయం వారు ఊరకే కూర్చోలేదు. పానసోనిక్ వారి డి.వి.సి.ప్రో హెచ్.డి. 2000లోనే వచ్చింది, సెకనుకు 100 మెగాబిట్లు, ప్రతి చట్రమూ స్వతంత్రం. కాని 8 గిగాబైట్ల కార్డులో పది నిమిషాలైనా పట్టేది కాదు. మూడు పూటల పెళ్ళికి ఎన్ని కార్డులు కావాలో లెక్కవేసుకోవచ్చు. 2007లో అదే సంస్థ ఏ.వి.సి. ఇంట్రా తెచ్చింది: హెచ్.264లోని గడుసుతనాన్ని ఒకే చట్రం లోపల వినియోగించి, చట్రాల మధ్య ముడి మాత్రం వేయకుండా ఉండడం. ఇవన్నీ వార్తాసంస్థలకు, పెద్ద నిర్మాతలకు అందేవి.

చిన్న ఊరి కూర్పరికి దారి చూపినవి మధ్యవర్తి పద్ధతులు. కెమెరాలో కుళకంగా రాసి, కూర్పుబల్ల మీదికి వచ్చేసరికి పదచ్ఛేదం చేసి ముక్తకాలుగా విడదీసుకోవడం వీటి సారాంశం. అవిడ్ సంస్థ 2004లో డి.ఎన్.ఎక్స్.హెచ్.డి. తెచ్చింది. ఆపిల్ 2007లో ప్రోరెస్ తెచ్చింది. మన పెళ్ళి స్టూడియోలకు బాగా అలవాటైన ఎడియస్‌లో కానోపస్ హెచ్.క్యూ. ఉంది. సినీఫారమ్ అని మరొకటి. ఇది కొసైన్ పద్ధతిని వదలి తరంగికల గణితాన్ని ఆశ్రయించింది. ప్రోరెస్ 422 లెక్క చూడండి: 25 చట్రాల హెచ్.డి.కి సెకనుకు 122 మెగాబిట్లు. గంటకు పదకొండు గిగాబైట్లు ఉన్న హెచ్.డి.వి. వీడియో ఇందులోకి మారితే సుమారు యాభైఅయిదు అవుతుంది. చోటు అయిదు రెట్లు. ప్రతిఫలంగా కత్తెర ఎక్కడ పెట్టినా తక్షణం తెగుతుంది, నాలుగు బొమ్మలను ఒకదానిపై ఒకటి పేర్చినా కంప్యూటరు అలసిపోదు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. కుళకాన్ని ముక్తకాలుగా విడదీస్తే పోయిన అందం తిరిగివస్తుందా? రాదు. తలంబ్రాలలో కరిగిపోయిన గింజ ప్రోరెస్‌లోకి మార్చినంత మాత్రాన మొలకెత్తదు. వచ్చే లాభం వేరే ఉంది. కూర్పులో ఒక దృశ్యాన్ని రంగు దిద్ది, అక్షరాలు చేర్చి, పాట కలిపి, దాచి, మళ్ళీ తెరిచి దిద్దుతూ ఉంటారు. ప్రతిసారీ బిగుతైన కుళకంలోకి కుదిస్తూ పోతే ప్రతిసారీ కొంత నష్టం. తాళపత్రాల కాలంలో ప్రతికి ప్రతి రాసుకుంటూ పోగా లేఖకదోషాలు పేరుకున్నట్లే ఇది. అందుకే సి.పి. బ్రౌను ఒకే గ్రంథానికి పలు ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్చి చూపించి, శుద్ధప్రతి రాయించేవాడు. మధ్యవర్తి పద్ధతిలో చోటు విశాలం గనుక తిరగరాసిన ప్రతిసారీ నష్టం కంటికి ఆననంత స్వల్పం. పైగా కెమెరా 8 బిట్లలో, అంటే ఒక్కొక్క వర్ణానికి 256 మెట్లలో రాసినా, ప్రోరెస్ 10 బిట్లలో 1024 మెట్లు ఇస్తుంది. రంగులు దిద్దేటప్పుడు కొత్తగా పుట్టే ఛాయలకు నిలబడే చోటు దొరుకుతుంది.

తెలుగు సినిమా కూడా ఈ మలుపును చూసింది. 2011 మార్చిలో విడుదలైన రామ్‌గోపాల్ వర్మ చిత్రం 'దొంగల ముఠా'ను కానన్ 5డి ఫోటో కెమెరాలతో అయిదు రోజులలో తీశారు. 2008లో వచ్చిన 5డి మార్క్ 2 కెమెరా హెచ్.264లో, సెకనుకు సుమారు 40 మెగాబిట్లతో రాస్తుంది. ఇదీ కుళక జాతే. ఈ కెమెరా వీడియోలను ప్రోరెస్‌లోకి మార్చుకొనే ఉపకరణాన్ని 2010లో కానన్ సంస్థే ఫైనల్ కట్ ప్రో వాడేవారికి ఇచ్చింది. అదే 2010లో వచ్చిన ఆరీ అలెక్సా సినిమా కెమెరా మరో అడుగు వేసి, కెమెరాలోనే నేరుగా ప్రోరెస్ రాయడం మొదలుపెట్టింది. తీసే రూపమూ కూర్చే రూపమూ ఒకటైనాయి. పదేళ్ళు గడిచేసరికి, 2021లో, ఆపిల్ ఫోనులోనే ప్రోరెస్ వచ్చి చేరింది. హెచ్.డి.లో నిమిషానికి 1.7 గిగాబైట్లు, 4కె లో 6 గిగాబైట్లు అని ఆ సంస్థే లెక్క చెప్పింది. ముక్తకానికి వెల ఎప్పుడూ ఉంటుంది.

ఈనాటి కంప్యూటర్లలో హెచ్.264, దాని తరువాత 2013లో వచ్చిన హెచ్.265 చదవడానికి ప్రత్యేకమైన యంత్రాంగమే చిప్పులో అమరి ఉంటుంది. పైగా ప్రాక్సీ అనే ఉపాయం ఉంది: తేలికైన నకలు మీద కూర్పు చేసి, చివర మూలంతో జోడించడం. కాబట్టి పాత ఆయాసం చాలావరకు తగ్గింది. తగ్గనిది మరొకటి ఉంది. నేను ఈ వ్యాసానికి పూనుకున్నది దాని కోసమే.

మా పెద్దమ్మాయి పెళ్ళి 2008లో జరిగింది. హెచ్.డి.వి. కెమెరాతో తీశారు. కూర్పు అయ్యాక మాకు చేరినవి రెండు డి.వి.డి.లు. టేపులు ఆ స్టూడియో ఆచారం ప్రకారం తరువాతి పెళ్ళికి వెళ్ళిపోయాయి. ఆ రోజులలో పేరుగల స్టూడియోలు కూడా ఇలాగే చేసేవని విన్నాను. టేపు ఖరీదు అలాంటిది. డి.వి.డి. అంటే 720×576 కొలత, మళ్ళీ ఎంపెగ్-2 కుళకం. చుక్కల లెక్కలోనే టేపులో ఉన్నదానికి నాలుగో వంతుకు కొంచెం ఎక్కువ. తలంబ్రాల వేళ పెళ్ళికూతురి వెనుక మా అమ్మ నిలబడి నవ్వుతూ ఉంటుంది, నాలుగు సెకన్లు. 2010లో ఆమె వెళ్ళిపోయింది. ఆమె కదులుతున్న బొమ్మ లోకంలో అది ఒక్కటే. ఆ నాలుగు సెకన్లనుండి ఒక పటం తీసి పెద్దది చేయమని నా విద్యార్థికి ఇచ్చాను. అతడు రెండు రోజులు కూర్చున్నాడు. గింజల అలజడిలో ఆమె ముఖం పది పన్నెండు గళ్ళుగా మిగిలి ఉంది. "ఇక్కడ లేనిది నేను తెచ్చి పెట్టలేను సార్. టేపు ఉంటే వేరుగా ఉండేది" అన్నాడు. తరువాత కొంత తటపటాయించి, ఇప్పుడు కృత్రిమ మేధతో ముఖాన్ని స్పష్టం చేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయని, కావాలంటే ప్రయత్నిస్తానని చెప్పాడు. చేసి చూపించాడు కూడా. చక్కని ముసలమ్మ, స్పష్టమైన నవ్వు, మా అమ్మ కాదు. శిథిలపత్రంలో లుప్తమైన పాదాన్ని మరో కవి పూరిస్తే ఛందస్సు సరిపోతుంది. దానిని మనం ప్రక్షిప్తం అంటాం. ఆ పటాన్ని వద్దన్నాను. గళ్ళ ముఖాన్నే కట్టించి పెట్టుకున్నాను.

అందుచేత మిత్రులకు నా విన్నపం ఇది. గ్రంథపరిష్కర్తలకు మూడు ప్రతులు ఉంటాయి: మాతృక, పరిష్కృతప్రతి, అచ్చుప్రతి. ఇంటి వీడియోకు కూడా ఈ మూడూ ఉండాలి. కెమెరా రాసిన మూలాన్ని ఏ రూపంలో ఉంటే ఆ రూపంలోనే, కుళకమైతే కుళకంగానే, ఒక్క అక్షరం మార్చకుండా దాచుకోవాలి. కూర్చిన కథనాన్ని ప్రోరెస్ వంటి ముక్తక రూపంలో ఒక ప్రతి అడిగి తీసుకోవాలి. బంధువులకు పంపే ప్రతి ఎంత కుదించినదైనా ఫరవాలేదు. వాట్సాప్‌లో వచ్చిన దానిని మాత్రం మూలమనుకోరాదు. మూడు గంటల కథనం ప్రోరెస్‌లో 165 గిగాబైట్లు అవుతుంది. ఒకప్పుడు అది చిన్న స్టూడియో మోయలేని బరువు. నేడు ఒక మామూలు హార్డ్ డిస్కులో మూల పడి ఉంటుంది. ఆ డిస్కులు రెండు ఉండాలి, రెండిళ్ళలో ఉండాలి.

ఇంట్లో ఇంకా చిన్న టేపులు మిగిలి ఉన్నవారు ఆలస్యం చేయవద్దు. వాటిని నడిపే కెమెరాలు తయారు కావడం లేదు. కొత్త కంప్యూటర్లలో ఫైర్‌వైర్ ద్వారం కనబడదు. టేపులోని డి.వి.నిగాని హెచ్.డి.వి.నిగాని ఫైర్‌వైర్ ద్వారా ఉన్నదున్నట్లు కంప్యూటరులోకి దించుకోవచ్చు. మధ్యలో మరో కుదింపు లేకుండా దించమని అడగండి, డి.వి.డి.గా మార్చి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. ఒక్కో పత్రికకు ఒక్కో ఖతి ఉన్న కాలంలో రాసిన తెలుగు ఎంత చదవరాకుండా పోయిందో, యూనికోడ్‌లో రాసినది ఎలా నిలిచిందో కళ్ళారా చూసినవాళ్ళం మనం. రూపం ఎంత ముఖ్యమో మనకు వేరే చెప్పనక్కరలేదు.

కోదాడ, సూర్యాపేటల వైపు పాత హెచ్.డి.వి. కెమెరా నడిచే స్థితిలో ఎవరి దగ్గరైనా ఉంటే వ్యాఖ్యలలో తెలుపగలరు. మా వీధిలోనే మూడిళ్ళలో టేపులు ఎదురుచూస్తున్నాయి.